బైనాక్యులర్ కింద పడ్డాక వారంటీ పత్రం చదివాను

ఎనిమిదేళ్లుగా నా మెడలో వేలాడుతున్న 8×42 (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, 42 మి.మీ. ముందు లెన్స్ ఉన్న) బైనాక్యులర్ గత ఏడాది ఒక ఉదయం రాతి మెట్టు మీద పడింది. నడుమెత్తు నుంచి పడి ఉంటుంది, అంతకు మించి కాదు. పట్టీని బైనాక్యులర్‌కు కలిపే బిగింపు వదులైన సంగతి నాకు కొన్ని వారాలుగా తెలుసు; రేపు చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాను. చేతిలోకి తీసుకుని చూస్తే అద్దాలు పగలలేదు, ఫోకస్ చక్రం మామూలుగానే తిరుగుతోంది, రబ్బరు తొడుగు మీద గోరంత గీత తప్ప మరే దెబ్బా కనిపించలేదు. హమ్మయ్య అనుకుని మళ్లీ మెడలో వేసుకున్నాను.

ఆ తరువాత రెండు వారాల పాటు, అరగంట సేపు పక్షులను చూస్తే చాలు, కనుబొమల మధ్య నొప్పి మొదలయ్యేది. నిద్ర చాలక అనుకున్నాను, కళ్లజోడు నంబరు మారిందేమో అనుకున్నాను, కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి అన్నీ సరిగానే ఉన్నాయని చెప్పించుకుని కూడా వచ్చాను. చివరకు ఒక సాయంత్రం దూరాన అడ్డంగా సాగిన కరెంటు తీగను చూస్తూ, బైనాక్యులర్‌ను కళ్ల దగ్గర నుంచి మెల్లగా ఒక జానెడు ముందుకు జరిపాను. అలా జరిపితే కంటికి ఆనించే రెండు ఐపీస్‌లలో రెండు చిన్న బిళ్లల వంటి వెలుతురు, ఒక్కో బిళ్లలో ఒక్కో తీగ ముక్క కనిపిస్తాయి. ఆ రెండు ముక్కలూ ఒకే గీతగా కలవాలి. నాకు కుడి బిళ్లలోని తీగ ఎడమ బిళ్లలోని తీగ కన్నా వెంట్రుక మందం పైన ఉంది. కళ్లకు ఆనించి చూసేటప్పుడు నా కళ్లు ఆ రెండు తీగలనూ బలవంతంగా ఒక చోటికి లాక్కొస్తున్నాయి. తలనొప్పి ఆ లాగుడు వల్ల వచ్చింది.

పెట్టె అడుగున ఉన్న వారంటీ పత్రాన్ని ఎనిమిదేళ్లలో మొదటిసారిగా ఆ రాత్రి తీసి పూర్తిగా చదివాను. కొన్న రోజున నేను చదివింది పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చయిన రెండే మాటలు: జీవితకాల వారంటీ. లోపలి పత్రంలో ఆ రెండు మాటలకు ఇచ్చిన వివరణ ఏమిటంటే, వాడిన సరుకులో గానీ చేసిన పనితనంలో గానీ లోపం ఉన్నట్టు కంపెనీ పరీక్షలో తేలితే, కంపెనీ తన ఇష్టం మేరకు ఆ పరికరాన్ని బాగుచేసి ఇస్తుంది లేదా దాని బదులు మరొకటి ఇస్తుంది. ఆ వెంటనే మొదలయ్యే పేరా దీనికి మూడింతలు ఉంది. కింద పడటం వల్ల, దెబ్బ తగలడం వల్ల వచ్చిన నష్టం, వాడుక వల్ల సహజంగా వచ్చే అరుగుదల, ఫంగస్, రసాయనాలు తగిలి పాడైన భాగాలు, అనుమతి లేనివారు విప్పిన పరికరాలు, ఇవేవీ ఆ జీవితకాలం కిందికి రావు.

కోపం వచ్చింది గానీ, ఆలోచిస్తే అందులో మోసమేమీ లేదు. మోసమంటూ ఉంటే నేను చదవకుండానే ఊహించుకున్న అర్థంలో ఉంది. మంచి కంపెనీ చేసిన ఖరీదైన బైనాక్యులర్‌లో తయారీ లోపం ఉండటం అరుదు. ఉన్నా అది చాలావరకు మొదటి నెలల్లోనే బయటపడుతుంది. ఫోకస్ చక్రం వదులుగా ఆడటం, ఒక గొట్టంలో చిత్రం రెండో గొట్టంలో కన్నా మసకగా ఉండటం, లోపలి లెన్స్ మీద ధూళి రేణువు కనిపించడం వంటివన్నీ కొన్న కొత్తలోనే తెలిసిపోతాయి. పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు వాడిన బైనాక్యులర్ చెడేది వేరే కారణాల వల్ల: చేయి జారి, తేమ చేరి, గ్రీజు గట్టిపడి, రబ్బరు పాడై. ఆ కారణాలన్నీ వారంటీ పరిధికి అవతలే ఉన్నాయి. అంటే ఎన్నేళ్ల వారంటీ అని అడగడం కన్నా, వారంటీ వర్తించని రోజున ఈ వస్తువును విప్పి బాగుచేయగలిగిన మనుషులు, విడిభాగాలు ఆ కంపెనీ దగ్గర ఉంటాయా అని అడగడం ముఖ్యం. నేను కొనేటప్పుడు మొదటి ప్రశ్న అడిగాను, రెండోది అడగలేదు. అడగకపోయినా నా అదృష్టం బాగుండి జవాబు మంచిదే అయింది.

జీవితకాలం అన్న మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎవరి జీవితకాలం? కొన్ని పత్రాల్లో అది మొదట కొన్న వ్యక్తి జీవితకాలం. పరికరాన్ని ఇంకొకరికి అమ్మినా, ఇచ్చినా వారంటీ అక్కడితో ఆగిపోతుంది. కొన్నింట్లో అది పరికరపు జీవితకాలం. ఆ పరికరం ఎన్నేళ్లు బతుకుతుందో నిర్ణయించేది మళ్లీ కంపెనీయే, విడిభాగాలు ఎన్నాళ్లు దొరుకుతాయన్న దాన్ని బట్టి. తయారీ నిలిపేసిన మోడల్‌కు ప్రిజం (లోపల కాంతిని మళ్లించే గాజు ముక్క) దొరకనప్పుడు దానికి సమానమైన ప్రస్తుత మోడల్ ఇస్తామనో, తగ్గింపు ధరకు కొత్తది అమ్ముతామనో రాసుకునే కంపెనీలు ఉన్నాయి. వీటి మధ్య తేడా చాలా ఉంటుంది కనుక ఆ ఒక్క వాక్యాన్ని వెతికి మరీ చదవాలి. ఇదంతా కాకుండా పూర్తిగా వేరే దారి పట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికా కంపెనీ వోర్టెక్స్ తన వీఐపీ వారంటీలో తప్పెవరిదని అడగదు, బిల్లు అడగదు, ఎన్నో యజమాని అని అడగదు. పోగొట్టుకున్నా, దొంగతనం జరిగినా, కావాలని పగలగొట్టినా, పనితీరుకు అడ్డురాని పైపై గీతలు పడినా తప్ప మిగిలిన నష్టాన్ని బాగుచేసి ఇస్తానంటుంది. ఆ పద్ధతిలో ప్రతి కొనుగోలుదారూ చెల్లించే ధరలోనే అందరి పడిపోయిన బైనాక్యులర్ల ఖర్చూ కలిసి ఉంటుంది. జాగ్రత్తగా వాడేవాడు అజాగ్రత్తపరుడి ఖర్చు మోస్తున్నాడని కొందరు గొణుగుతారు. నేను రెండో జాతి వాడిని కనుక గొణగను.

కంపెనీ ఇచ్చే హామీ వేరు, చట్టం ఇచ్చే హక్కు వేరు అన్న సంగతి కూడా నాకు ఈ వ్యవహారంలోనే స్పష్టమైంది. ఐరోపా సమాఖ్యలో 1999 నాటి ఆదేశం, దాని స్థానంలో వచ్చిన 2019 నాటి ఆదేశం ప్రకారం అమ్మిన వస్తువు సరిగా లేకపోతే కనీసం రెండేళ్ల పాటు బాధ్యత అమ్మినవారిది, తయారు చేసినవారిది కాదు. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు చట్టం భావిస్తుంది. లేదని నిరూపించుకోవలసింది అమ్మినవారే. కంపెనీ పత్రంలోని పదేళ్లు, ముప్ఫై ఏళ్లు, జీవితకాలం అన్నవన్నీ దాని పైన స్వచ్ఛందంగా ఇచ్చేవి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం రాతపూర్వక వారంటీ మీద అది పూర్తి వారంటీయో పరిమిత వారంటీయో స్పష్టంగా రాయాలంటుంది. పరిమిత జీవితకాల వారంటీ అన్న వింత పదబంధం అందుకే చాలా పెట్టెల మీద కనిపిస్తుంది. ఒకే పరికరానికి ఒక ఖండంలో ఒక గడువు, మరో ఖండంలో మరో గడువు ఉండటం కూడా మామూలే.

మరునాడు కంపెనీ సర్వీస్ విభాగం వారి ఫారం నింపడానికి కూర్చున్నాను. మోడల్, సీరియల్ నంబర్, కొన్న తేదీ, సమస్య ఏమిటి అన్న గడుల తరువాత ఒక చిన్న గడి ఉంది: పరికరానికి దెబ్బ ఏమైనా తగిలిందా? అవును, కాదు. అక్కడ నా వేలు కొంచెం సేపు ఆగిన మాట నిజం. బయటికి కనిపించేది గోరంత గీత మాత్రమే. కాదు అని గుర్తు పెడితే పనితనం లోపం కింద ఉచితంగా అయిపోతుందేమో అన్న ఆశ మనసులో మెదిలింది. చివరకు అవును అనే పెట్టి, ఎంత ఎత్తు నుంచి, దేని మీద, ఏ వైపు తగిలేలా పడిందో, ఆ తరువాత తీగ పరీక్షలో ఏం కనిపించిందో నాలుగు వాక్యాల్లో రాశాను. తరువాత తెలిసిందేమిటంటే, కాదని రాసి ఉంటే నవ్వులపాలయ్యేవాడిని. ముందు లెన్స్ చుట్టూ ఉన్న లోహపు అంచు ఎక్కడ ఎంత నొక్కుకుపోయిందో రబ్బరు తొలగించగానే వారికి కనిపిస్తుంది. ప్రిజం తన గూటిలో నుంచి ఏ దిశలో కదిలిందో చూసి ఏ మూల మీద పడిందో కూడా చెప్పగలరు. అన్నిటికన్నా, నిజం రాసినందువల్ల పని చేసేవారు ఎక్కడ వెతకాలో అక్కడే మొదలుపెట్టారు.

పరికరం చేరిన పది రోజులకు అంచనా పత్రం వచ్చింది. నాలుగు వరుసలు: రెండు గొట్టాల అక్షాలు తిరిగి సరిచేయడం, కుడి గొట్టంలో ప్రిజం బిగింపు మార్చడం, విప్పినందువల్ల సీళ్లన్నీ కొత్తవి వేసి నైట్రోజన్ నింపి నీటి పరీక్ష చేయడం, రబ్బరు తొడుగు మార్చడం. మొదటి మూడింటికీ ఖర్చు వేశారు, నాలుగో వరుస ఎదురుగా సున్నా ఉంది. తొడుగు తీస్తే మళ్లీ అదే వేయలేమని, కొత్తది తమ తరఫునే వేస్తున్నామని కింద ఒక వాక్యం. వారంటీ పత్రంలో ఎక్కడా లేని ఉదారత అది. పేరున్న కంపెనీల సర్వీస్ గురించి మంచిగా చెప్పుకునే కథల్లో చాలావరకు ఇలాంటివే. హక్కుగా దొరికేవి కావు, మన్నించి ఇచ్చేవి. వాటిని ముందే లెక్కలో వేసుకుని కొనకూడదు గానీ, దొరికినప్పుడు కృతజ్ఞత చెప్పడానికి మొహమాటపడకూడదు.

అక్షాలను సరిచేసే ఆ మొదటి వరుస, అంటే కొలిమేషన్, గురించే నేను ఎక్కువగా చదివాను, ఎందుకంటే తలనొప్పి తెచ్చింది అదే. బైనాక్యులర్ అంటే పక్కపక్కన కట్టిన రెండు దుర్బిణులు. రెండింటి చూపు అక్షాలూ సమాంతరంగా ఉండాలి. ఒక గొట్టం ఇసుమంత వంగినా ఆ తేడా, దూరాన ఉన్న వస్తువును పెద్దదిగా చూపే అదే శక్తి వల్ల, కంటి దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే 8 రెట్ల పరికరం ఓర్చుకునే తప్పును 12 రెట్ల పరికరం ఓర్చుకోదు. మన కళ్లు లోపలి వైపు, అంటే ముక్కు వైపు, సులువుగా తిరుగుతాయి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు రోజూ చేసే పనే అది. బయటి వైపుకు విడివడటం వాటికి కష్టం. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి చూడటం అన్నిటికన్నా కష్టం. నా పరికరంలో వచ్చిన తేడా సరిగ్గా ఆ మూడో రకానిది.

దీన్ని సరిచేసే పద్ధతి తయారీని బట్టి మారుతుంది. కొన్నింటిలో ముందు లెన్స్ కేంద్రం తప్పిన రెండు వలయాల్లో కూర్చుని ఉంటుంది. ఒకదాని మీద ఒకటి తిప్పితే లెన్స్ పక్కలకు జరిగి చిత్రం కదులుతుంది. భుజాలు వెడల్పుగా ఉండే పాత పోరో ప్రిజం బైనాక్యులర్లలో ప్రిజం పక్కన చిన్న మరలుంటాయి, వాటితో ప్రిజాన్ని వంచవచ్చు. ఈ మరలే చాలా బైనాక్యులర్ల ప్రాణం తీశాయి. ఎందుకంటే ఇంట్లో కూర్చుని తీగనో, దీపాన్నో చూస్తూ రెండు చిత్రాలనూ ఒకటి చేయడం కొంచెం ఓపికతో సాధ్యమే. కానీ అలా కుదిరింది ఆ మనిషి కళ్ల మధ్య దూరానికి మాత్రమే కుదురుతుంది. మధ్యలోని కీలు మీద మడిచి ఇంకొకరి కళ్లకు సరిపెడితే చిత్రాలు మళ్లీ విడిపోతాయి. నిజమైన కొలిమేషన్‌లో రెండు అక్షాలూ ఒకదానితో ఒకటి మాత్రమే కాక ఆ కీలు అక్షంతో కూడా సమాంతరంగా ఉండాలి, అప్పుడే కీలు ఎంత మడిచినా చిత్రం ఒక్కటిగా ఉంటుంది. దానికి అక్షాల తేడాను చూపే కొలిమేటర్ అనే పరికరం, దాని ముందు పరికరాన్ని కదలకుండా పట్టే పీట, వాటితో రోజూ పనిచేసే చేయి కావాలి. నా దగ్గర చిన్న స్క్రూడ్రైవర్ల సెట్టు, వారాంతంలో కాస్త తీరిక ఉన్నాయి. ఆ రెండూ చాలవని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

ఖరీదైన రూఫ్ ప్రిజం బైనాక్యులర్లకు ఇంటి రిపేరు అసలే పనికిరాకపోవడానికి మరో కారణం ఉంది. ఇగ్నాజియో పోరో 1854లో పేటెంటు పొందిన ప్రిజం అమరికలో కాంతి ఒక వైపుకు జరిగి బయటికి వస్తుంది, అందుకే ఆ బైనాక్యులర్ల భుజాలు వెడల్పుగా ఉంటాయి. జైస్ కంపెనీ 1894లో అమ్మకానికి తెచ్చిన బైనాక్యులర్లు ఆ జాతివే. ఇప్పటి సన్నని, నిటారు గొట్టాల్లో ఉండేది రూఫ్ ప్రిజం. ఇంటికప్పులా కలిసే దాని రెండు తలాల మధ్య కోణం సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలి, డిగ్రీలో వందో వంతు తేడాను కూడా అది సహించదు. పైగా ఆ కప్పు తలాలు కాంతి తరంగాల దశను తారుమారు చేసి చిత్రం పదును తగ్గిస్తాయి కనుక, 1988లో జైస్ ప్రవేశపెట్టిన ఫేజ్ పూత వంటిది వాటి మీద వేస్తారు. రూఫ్ ప్రిజాల్లో ఎక్కువ వాడే ష్మిట్ పెఖాన్ రకంలో ఒక తలానికి అద్దం పూత కూడా కావాలి. ఇన్ని పూతలున్న గాజు ముక్క మీద వేలిముద్ర పడితే తుడవడం కూడా ఒక విద్య. విడిభాగంగా ఆ ప్రిజం బయట ఎక్కడా దొరకదు. దొరికేది తయారు చేసినవారి అరలోనే. ఆస్ట్రియాలో టిరోల్ ప్రాంతపు అబ్సమ్‌లో 1949 నుంచి ఉన్న స్వరోవ్‌స్కీ ఆప్టిక్, జర్మనీలో వెట్స్‌లర్ పట్టణపు లైకా వంటివారి పేరు నిలబడటంలో కొత్త మోడళ్లకు ఎంత భాగముందో, పాత మోడళ్లను తిరిగి ఇంటికి రానిచ్చే రిపేరు బల్లలకు కూడా అంతే భాగముందని నా అభిప్రాయం.

మూడో వరుసలోని నైట్రోజన్ గురించి ఒక అపోహ నాకూ ఉండేది. నైట్రోజన్ నింపారు కనుక లోపల ఫంగస్ చావక తప్పదు అనుకునేవాడిని. నిజానికి నింపేది పొడి వాయువు అన్నదే ముఖ్యం, నైట్రోజనా ఆర్గానా అన్నది తరువాతి మాట. తేమ లేని వాయువు లోపల ఉంటే, చలి గదిలో నుంచి ఉక్కపోత గాలిలోకి తెచ్చినప్పుడు లోపలి అద్దాల మీద ఆవిరి పట్టదు. బయటి అద్దాల మీద పట్టే ఆవిరిని నైట్రోజన్ ఆపలేదు, అది లోపమూ కాదు. ఆ ఫిర్యాదుతో సర్వీస్‌కు పంపినవారికి పరికరం అలాగే తిరిగి వస్తుంది. లోపల ఆవిరి పట్టి, తుడిచినా పోకపోతే మాత్రం సీలు పోయిందని అర్థం. అప్పుడు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే ఆ తేమ వెనకే ఫంగస్ వస్తుంది.

ఫంగస్ ఏం చేస్తుందో నేను మా మేనమామ వదిలి వెళ్లిన పాత పోరో బైనాక్యులర్‌లో చూశాను. ఆయన దాన్ని ప్రాణంగా చూసుకుని, ప్రతిసారీ తుడిచి తోలు సంచిలోనే పెట్టేవారు. ఆ తోలే తేమను పట్టి ఉంచింది. ముందు లెన్స్‌లో నుంచి టార్చి వేసి చూస్తే ప్రిజం మీద సాలెగూడు లాంటి సన్నని పోగులు ఒక మూల నుంచి మధ్యకు పాకి ఉన్నాయి. గాలిలో తేమ 60, 70 శాతం దాటి ఎక్కువకాలం నిలిచిన చోట ఇవి మొలుస్తాయి; ఇవి వదిలే ఆమ్లాలు పూతను, తరువాత గాజును కూడా తింటాయి. తొలిదశలో తుడిస్తే పోతుంది. ముదిరాక పోగులు పోయినా వాటి జాడ గాజులో చెక్కినట్టు మిగిలిపోతుంది. ఆ పరికరాన్ని చూసిన రిపేరు మనిషి విప్పకుండానే, ఇది బాగుచేయడానికి అయ్యేది దీని విలువకు మించుతుంది, జ్ఞాపకంగా ఉంచుకోండి అని చెప్పి తిరిగి ఇచ్చాడు. డబ్బు తీసుకుని విప్పగలిగీ విప్పని ఆ మనిషి మాటకు నాకు గౌరవం కలిగింది. ఫంగస్ వారంటీలోకి ఎందుకు రాదో కూడా అప్పుడే అర్థమైంది. అది ఎక్కడ నిలవ ఉంచామన్న దాని మీద ఆధారపడిన జబ్బు. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, ఒక చిన్న తేమ కొలిచే మీటరు ఉంటే చాలు. ఇప్పుడు నా పరికరం తోలు సంచిలో కాదు, ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, చూడటానికి బాగుండదు.

కంటి చుట్టూ ఆనే ఐకప్‌లు, మూతలు, పట్టీ బిగింపుల వంటి చిన్న వస్తువుల విషయంలో పత్రం ఒకటి చెబితే ఆచరణ ఇంకొకటి. అవి అరిగేవి కనుక వారంటీలో లేవని రాసి ఉంటుంది. అయినా సీరియల్ నంబర్ ఇచ్చి మర్యాదగా అడిగితే ఐకప్ జతను ఊరికే పంపే కంపెనీలు కొన్ని ఉన్నాయి. రబ్బరు తొడుగు సంగతి వేరు. దోమలు కుట్టకుండా పూసుకునే మందుల్లో డీట్ అనే రసాయనం ఉంటే అది చాలా రకాల ప్లాస్టిక్‌ను, రబ్బరును మెత్తబరచి కరిగిస్తుంది. చేతులకు పూసుకుని ఆ చేతులతోనే బైనాక్యులర్ పట్టుకుంటే కొన్ని నెలలకు తొడుగు జిగటగా మారుతుంది, వేళ్ల అచ్చులు పడతాయి. రసాయనాలు తగిలి పాడైన భాగాలు అన్న మాటకు అసలు అర్థం ఇదే. మందు పూసుకున్నాక అరచేతులు కడుక్కోవడం మరచిపోకండి.

లేజర్‌తో దూరం కొలిచేవి, చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ ఉన్నవి కొనేవారు పత్రంలో ఇంకో గడువు కోసం చూడాలి. అద్దాలకు ఎన్నో ఏళ్ల హామీ ఇచ్చే చోటే ఎలక్ట్రానిక్ భాగాలకు కొన్నేళ్లే ఇవ్వడం మామూలు. అద్దం ముప్ఫై ఏళ్ల తరువాత కూడా అద్దమే. సర్క్యూట్ బోర్డుకు ముప్ఫై ఏళ్ల తరువాత చిప్ దొరకడం కల్ల. అందుకే నా తరువాతి బైనాక్యులర్‌లో కూడా బ్యాటరీ ఉండదు. ఇది నా మొండితనం కావచ్చు.

తక్కువ ధరకు వస్తోందని అధికారిక డీలరు కాని చోట కొన్నవారు ఎక్కువగా దెబ్బతినేది సర్వీస్ దగ్గరే. వస్తువు అసలైనదే అయినా, అది ఏ దేశపు మార్కెట్ కోసం దిగుమతి అయిందో సీరియల్ నంబర్ చెప్పేస్తుంది, ఆ దేశపు సంస్థే బాధ్యత తీసుకోవాలంటారు. పాతది కొంటున్నప్పుడు ఇంకా మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి: వారంటీ రెండో యజమానికి బదిలీ అవుతుందా, అసలు బిల్లు అమ్మేవారి దగ్గర ఉందా, సీరియల్ నంబర్ చెరపకుండా ఉందా. నంబర్ గీకేసి ఉంటే ధర ఎంత తక్కువైనా నేను ముట్టుకోను; దొంగ సొత్తు కావచ్చు, కాకపోయినా ఏ సర్వీస్ బల్లా దాన్ని తీసుకోదు. కొన్న రోజే రిజిస్టర్ చేసుకోవడం, బిల్లును ఫోటో తీసి దాచుకోవడం ఐదు నిమిషాల పని. చాలా బిల్లులు వేడికి నల్లబడే కాగితం మీద అచ్చవుతాయి, నాలుగేళ్లకు అవి తెల్ల కాగితాలే.

పంపడంలో నేను దాదాపు తప్పు చేయబోయాను. రిపేరు కోసం దేశం దాటి వెళ్లే వస్తువు తిరిగి వచ్చేటప్పుడు కొత్తగా దిగుమతి అయిన వస్తువులా సుంకం పడే ప్రమాదం ఉంది. పంపేటప్పుడే రిపేరు చేసి తిరిగి పంపడానికి అని కాగితాల మీద రాయించి, సీరియల్ నంబర్ చేర్చి, ఆ ప్రతి ఒకటి దాచుకుంటే తిరిగి వచ్చేటప్పుడు అదే వస్తువని చూపించవచ్చు. బీమా విలువ తక్కువ రాస్తే సుంకం తగ్గుతుందన్న సలహా నాకు ఇద్దరు ఇచ్చారు. దారిలో పోతే దొరికేది కూడా ఆ తక్కువే అన్నది వారిద్దరూ చెప్పలేదు. పెట్టెలో పెట్టె పెట్టి, మధ్య ఖాళీని అన్ని వైపులా మూడు వేళ్ల మందాన నింపి పంపాను. పట్టీ, మూతలు, సంచి నా దగ్గరే ఉంచుకున్నాను, అవి అక్కడ తప్పిపోతే ఎవరినీ అడగలేం. మూసేముందు పరికరాన్ని ఆరు వైపుల నుంచి ఫోటోలు తీశాను.

పంపిన నాటి నుంచి ఏడు వారాలకు తిరిగి వచ్చింది. ఆ ఏడు వారాలూ నా దగ్గర ఉన్నది మేనమామ గారి పాత పోరో ఒక్కటే. ఫంగస్ పోగుల మధ్య నుంచే వడ్రంగి పిట్టను చూశాను. వచ్చిన పెట్టెలో పని చేసినవారి సంతకంతో ఒక కాగితం, అందులో కొలిమేషన్‌కు ముందు, తరువాత తీసిన అంకెలు, నీటి పరీక్ష పూర్తయిందన్న గుర్తు ఉన్నాయి. లోహపు అంచు మీది నొక్కు అలాగే వదిలేశారు. లెన్స్‌కు ఒత్తిడి కలిగించడం లేదు కనుక మార్చవలసిన అవసరం లేదని రాశారు. ఒక్క విషయంలో నాకు తృప్తి కలగలేదు: ఫోకస్ చక్రం ముందుకన్నా బరువుగా తిరుగుతోంది. రాసి అడిగితే, పాత గ్రీజు తీసి కొత్తది వేశామని, ఒకటి రెండు నెలలు వాడాక తేలికపడుతుందని, పడకపోతే తమ ఖర్చుతో వెనక్కి తెప్పించుకుంటామని జవాబు వచ్చింది. మూడో నెల నాటికి తేలికపడింది.

తెచ్చిన సాయంత్రమే అదే తీగ దగ్గరికి వెళ్లాను. కళ్ల నుంచి జానెడు దూరం జరిపి, కీలును పూర్తిగా విప్పి ఒకసారి, పూర్తిగా మడిచి ఒకసారి చూశాను. రెండు బిళ్లల్లోనూ తీగ ఒకే ఎత్తులో ఉంది. కుడి కంటికి సరిచేసే డయాప్టర్ వలయం ఎనిమిదేళ్లుగా నాకు సున్నాకు రెండు గీతల అవతల ఉండేది. అన్నీ విప్పి కొత్తగా అమర్చాక ఇప్పుడు సరిగ్గా సున్నా దగ్గర కుదురుతోంది. పక్షి కనిపించగానే నా బొటనవేలు మాత్రం ఇప్పటికీ ఆ వలయాన్ని రెండు గీతలు తిప్పేస్తుంది, మళ్లీ వెనక్కి తెచ్చేలోపు పక్షి ఎగిరిపోతుంది.